పాత పార్టులతో ఇంట్లో కట్టిన సైకిల్: ఎక్కడ మొరాయిస్తుంది, ఎందుకు, ఏం చేయాలి

మా నాన్న తొక్కిన 22 అంగుళాల నల్ల సైకిల్ ఫ్రేము చాలా ఏళ్లు మెట్ల కింద పడి ఉంది. దాన్ని మళ్లీ రోడ్డెక్కించాలని హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో, మా పేటలోని పాత ఇనుప కొట్లలో పార్టులు ఏరుకొచ్చి బిగించాను. తర్వాత బంధువుల పిల్లల కోసం ఇంకో నాలుగు కట్టాను. వీటన్నిటిలో నాకు తేలింది ఒకటే. పార్టు అరిగిపోయి వచ్చే ఇబ్బందులు తక్కువ. రెండు పార్టులూ బాగానే ఉండి, ఒకదానికొకటి జోడీ కాకపోవడం వల్ల వచ్చేవే ఎక్కువ. అందుకే ముందు కొలవాలి, తర్వాతే స్పానరు పట్టాలి. ఒక స్టీలు స్కేలు, చవకదైనా సరే ఒక వెర్నియర్ కాలిపర్ దగ్గర పెట్టుకోండి.

గట్టిగా తొక్కితే చైను జారుతోంది

ఎక్కువమంది కొత్త చైను వేసిన మర్నాడే ఈ మాట అంటారు. వెనక చక్రానికి ఉండే పళ్ల చక్రమే ఫ్రీవీల్. పాత ఫ్రీవీల్ పళ్లు సాగిన చైనుకు తగ్గట్టు అరిగి ఉంటాయి. కొత్త చైను వాటి మీద సరిగ్గా కూర్చోదు, బరువు పడగానే పైకెక్కి జారుతుంది.

చైను పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అర అంగుళం. అంటే 24 లింకులకు కచ్చితంగా 12 అంగుళాలు. చైనును బిగువుగా లాగి, స్కేలు సున్నాను ఒక పిన్ను మధ్యలో పెట్టండి. 12 దగ్గర కూడా పిన్ను మధ్యభాగమే కనపడితే చైను బాగున్నట్టే. అంగుళంలో పదహారో వంతు దాటిపోతే చైను మార్చే సమయం వచ్చింది. ఎనిమిదో వంతు దాటితే ఫ్రీవీల్ కూడా పోయిందనుకోండి. నేనైతే పాత సైకిల్ నుంచి చైను, ఫ్రీవీల్ కలిపి ఒకే జోడీగా తెచ్చుకుంటాను. కలిసి అరిగినవి కలిసే నడుస్తాయి. లేదంటే రెండూ కొత్తవి.

వెడల్పు కూడా చూడండి. గేర్లు లేని సైకిల్ చైను లోపలి వెడల్పు అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే దాదాపు 3.2 మిల్లీమీటర్లు. పాత గేర్ల సైకిల్ చైను 2.4 మిల్లీమీటర్లు. ఈ సన్న చైనును లావు పళ్ల మీద వేస్తే కిందికి దిగదు.

చైను పళ్ల మీద కదలకుండానే ఒక్కసారిగా పెడల్ కిందికి జారిపోతే తప్పు ఫ్రీవీల్ లోపలిది. లోపల పళ్లను పట్టుకునే చిన్న నాలుకలు ఉంటాయి, పాత గ్రీజు గట్టిపడి అవి లేవడం లేదు. చక్రం విప్పి పడుకోబెట్టి, ఫ్రీవీల్ సందులో కిరోసిన్ పోస్తూ తిప్పండి. మురికంతా కారి నీరులా వచ్చేదాకా పోయాలి. ఆరాక మెషిన్ ఆయిల్ నాలుగు చుక్కలు. ఇంట్లో చేతికందింది కదా అని కొబ్బరినూనె మాత్రం వేయకండి. 24 డిగ్రీల దగ్గర పేరుకునే నూనె అది. ఆదిలాబాద్ వైపు డిసెంబరు పొద్దుల్లో ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

పెడల్ తిరిగిన ప్రతిసారీ ఒక టక్ మనే శబ్దం

ముందు లేచి నిలబడి తొక్కండి. శబ్దం ఆగితే అది సీటుది. ఆగకపోతే పాత నల్ల సైకిళ్లలో నూటికి తొంభైసార్లు కాటర్ పిన్నే, అంటే క్రాంకును (పెడల్ ఉండే ఇనుప చేతిని) ఇరుసుకు బిగించే పిన్నే కారణమని నా నమ్మకం. ఆ పిన్నుల్లో 9 మిల్లీమీటర్లవీ, 9.5 వీ రెండూ దొరుకుతాయి. చూపుకు ఒకలాగే ఉంటాయి. 9.5 రంధ్రంలో 9 పిన్ను ఎంత బిగించినా నిలవదు. పాతదాన్ని కాలిపర్‌తో కొలిచి దానికి సరిపోయేదే తెచ్చుకోండి.

బిగించేటప్పుడు చాలామంది నట్టును నమ్ముకుంటారు. నట్టు పిన్నును పట్టి ఉంచుతుందంతే, దాని మర చాలా సన్నది, లాగితే తెగుతుంది. పిన్నును లోపలికి పంపాల్సింది సుత్తే. క్రాంకు కింద ఒక ఇనుప పైపు ముక్కను నేల దాకా ఆనించి కొట్టాలి. అలా ఆనించకపోతే దెబ్బంతా లోపలి బాల్స్ మీద పడి కప్పుల్లో గుంటలు పడతాయి. పది కిలోమీటర్లు తొక్కాక మరోసారి కొట్టి, నట్టు బిగించండి. పిన్ను వదులైనట్టు తెలిసీ తొక్కితే దాని చదునైన ముఖం మీద మెట్టు పడుతుంది, అది ఇక పనికిరాదు.

శబ్దం లేదు కానీ రెండు పెడళ్లూ ఒకే వరుసలో లేవనిపిస్తుందా? ఒక పిన్ను తిరగబడింది. ఒక క్రాంకు ముందుకు, ఒకటి వెనక్కు ఉన్నప్పుడు చూడండి. ఒక నట్టు పైకి ఉంటే రెండోది కిందికి ఉండాలి.

ఇక్కడే మరల సంగతి. ఎడమ పెడల్‌ది ఎడమ మర, అంటే గడియారం ముల్లుకు ఎదురు దిక్కులో తిప్పితే బిగుస్తుంది. ఫ్రేము అడుగున క్రాంకుల ఇరుసు తిరిగే చోట (బాటమ్ బ్రాకెట్, పొట్టిగా బీబీ) ఉండే కప్పుల్లో మాత్రం కుడివైపుదానికి ఎడమ మర. నా మొదటి సైకిల్‌కు ఒక షాపులో ఎడమ క్రాంకులో కుడి పెడల్‌ను బలవంతంగా ఎక్కించారు. వారానికే మర మొత్తం ఒరుసుకుపోయి, మంచి క్రాంకు పారేయాల్సి వచ్చింది. అప్పటి నుంచి పెడల్‌ను మొదటి మూడు చుట్లూ చేతి వేళ్లతోనే తిప్పుతాను. వేళ్లకు లొంగకపోతే అది దాని చోటు కాదు.

మన నల్ల సైకిళ్లతో ఒక సుఖం ఉంది. 1949లో మద్రాసులో మొదలైన టీఐ సైకిల్స్ ఇంగ్లండు కంపెనీతో కలిసి పుట్టింది, ఇక్కడి సైకిల్ పరిశ్రమ అంతా ఆ ఇంగ్లిష్ కొలతల మీదే పెరిగింది. బీబీ మర 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. మా నాన్న ఫ్రేములోకి లూధియానా కప్పులు ఇవాళ్టికీ సాఫీగా ఎక్కాయి. కాటర్ పిన్నుల బాధ పూర్తిగా వదిలించుకోవాలంటే షెల్ (కప్పులు ఎక్కే ఫ్రేము గొట్టం) వెడల్పు 68 మిల్లీమీటర్లు ఉందో లేదో కొలిచి, చదరపు మొనల ఇరుసున్న సీల్డ్ (బాల్స్ లోపలే మూసి ఉన్న) బీబీ వేయొచ్చు. పెట్టిన డబ్బుకు ఇంత హాయినిచ్చిన మార్పు నాకు మరొకటి లేదు.

బ్రేకు పట్టడం లేదు

లివర్ హ్యాండిల్‌కు తగిలేదాకా వస్తోందా, లేక రాయిలా గట్టిగా ఉండి సైకిల్ ఆగడం లేదా? రెండూ వేర్వేరు జబ్బులు. వీ బ్రేకుకు (చక్రానికి రెండు పక్కలా విడివిడి చేతులున్నది) తీగ ఎక్కువ లాగే లివర్ కావాలి, మామూలు కాలిపర్ బ్రేకుకు (చక్రం పైన ఒకే బోల్టుకు బిగించేది, కొలిచే కాలిపర్ కాదు) తక్కువ లాగేది. వీ బ్రేకుకు కాలిపర్ లివర్ పెడితే లివర్ మొత్తం వచ్చేస్తుంది. తారుమారు చేస్తే గట్టిగా ఉంటుంది కానీ పట్టు ఉండదు. రబ్బర్లు ఎన్ని మార్చినా లాభం లేదు. లివర్‌ను, బ్రేకును ఒకే సైకిల్ నుంచి విప్పుకోండి.

వానలో మాత్రమే పట్టకపోతే కారణం స్టీలు రిమ్ము. తడిసిన క్రోమ్ పూత మీద రబ్బరు జారుతుంది. అల్యూమినియం రిమ్ముకు మారితే తేడా మొదటి వానలోనే తెలుస్తుంది. కానీ నల్ల సైకిల్‌లో తొందరపడకూడదు. దాని కడ్డీ బ్రేకు రిమ్మును లోపలి వైపు నుంచి, అంటే హబ్బు (చక్రం నడిమి భాగం) వైపు నుంచి నొక్కుతుంది. పక్కల నుంచి నొక్కే బ్రేకు కోసం చేసిన రిమ్ముకు అది పనికిరాదు. పైగా 28 × 1½ టైరు కూర్చునే వ్యాసం 635 మిల్లీమీటర్లు, 700సీ రిమ్ముది 622. అంటే బ్రేకు రబ్బరు ఆరున్నర మిల్లీమీటర్లు కిందికి దిగాలి. కాబట్టి రిమ్ముతో పాటు పొడుగు చేతుల కాలిపర్, తీగ లివర్లు కూడా కొనాల్సిందే.

టైరు రిమ్ము మీదికి ఎక్కడం లేదు

26 అని రాసి ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు. 26 × 1⅜ కూర్చునే వ్యాసం 590 మిల్లీమీటర్లు, కొండ సైకిల్ 26 × 1.95 ది 559. టైరు పక్కన 37-590 లాంటి అంకె చూడండి, నమ్మాల్సింది దాన్నే.

బెండు తీసినా వారంలో మళ్లీ వస్తోంది

స్పోకులను వేలితో మీటి చూడండి. ఒకే వైపున్న స్పోకులన్నీ దగ్గర దగ్గర స్వరం పలకాలి. ఒకటి కంగున మోగి, పక్కది చప్పగా ఉంటే బెండు తీసినట్టు కాదు, దాచినట్టు. రిమ్ము ఎడమకు వంగిన చోట కుడి స్పోకులను పావు చుట్టు చొప్పున బిగించండి. చివర్లో జంటలుగా గుప్పిట్లో పట్టి గట్టిగా నొక్కి, మళ్లీ చూసుకోండి. అన్ని స్పోకులూ సమంగా బిగిస్తే రిమ్ము వంకరగా నిలబడిందంటే రిమ్మే వంగింది, వదిలేయండి. పాత హబ్బు కొనేముందు రంధ్రాలు లెక్కపెట్టండి. నల్ల సైకిళ్లకు ముందు 32, వెనక 40 ఉంటాయి. ఈనాటి రిమ్ముల్లో చాలావాటికి 36.

గాలి రాత్రికి రాత్రే దిగిపోతోంది

ట్యూబు విప్పకముందే వాల్వ్ నోట ఉమ్మి రాసి చూడండి. బుడగ వస్తే లోపలి చిన్న రబ్బరు వాల్ ట్యూబు చీలింది, కొన్ని రూపాయల పని. రాకపోతే ట్యూబును నీళ్లలో ముంచండి. టైరు లోపల బట్టతో తుడుస్తూ చూస్తే విరిగిన తుమ్మ ముల్లు బట్టకు తగులుకుంటుంది.

గేర్లు ఒకటి పడితే ఒకటి పడటం లేదు

షిఫ్టరులో (హ్యాండిల్ మీద గేరు మార్చేది) ఎన్ని గేరు స్థానాలో ఫ్రీవీల్‌లో అన్ని పళ్ల చక్రాలు ఉండాలి. అవి సరిపోయినా కుదరకపోతే వెనక నిలబడి డిరైలర్‌ను (చైనును ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపేది) చూడండి. దాని రెండు చిన్న చక్రాలూ ఫ్రీవీల్ కిందికి నిటారుగా లేకపోతే హ్యాంగర్ (డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క) వంగింది. కింద పడిన పాత గేర్ల సైకిళ్లలో ఇది మామూలే. డిరైలర్ స్పోకుల వైపు మరీ జరగకుండా ఆపే ఎల్ స్క్రూ సరిచేయకుండా మాత్రం రోడ్డెక్కకండి, చైను స్పోకుల్లోకి దూకితే చక్రమే పోతుంది.

సైకిల్ ఒక పక్కకు లాగుతోంది

వెనక చక్రం మధ్యలో ఉందా, హ్యాండిల్ తిరిగే చోటి హెడ్ బాల్స్ తేలిగ్గా తిరుగుతున్నాయా చూశాక మిగిలేది ఫ్రేమే. చక్రం తీసి, వెనక యాక్సిల్ గాడి నుంచి ఒక దారం కట్టి, హ్యాండిల్ కింది గొట్టం (హెడ్ గొట్టం) చుట్టూ తిప్పి, రెండో గాడికి లాగి కట్టండి. సీటు గొట్టానికి రెండు పక్కలా దారం ఎంత దూరంలో ఉందో కొలవండి. రెండూ సమానంగా ఉండాలి. తేడా రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే నేను ఆ ఫ్రేము కొనను. తర్వాత హెడ్ గొట్టం వెనక, పెద్ద గొట్టాల అడుగున వేళ్లతో తడమండి. చిన్న ఉబ్బు చేతికి తగిలినా, రంగు సన్నగా అడ్డంగా పగిలినా ఆ సైకిల్ ఎప్పుడో ఎదురుగా దేన్నో గుద్దింది. ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు కాళ్లు వంగి ఉంటే వేడిచేసి సరిచేసి ఇస్తామంటారు, ఒప్పుకోకండి. వేడెక్కి వంగిన ఇనుము బలం తగ్గుతుంది. ఫోర్కు విరిగితే మనిషి ముఖం మీదుగా పడతాడు. దాన్ని తూకానికి ఇచ్చేసి, మంచి ఫోర్కు దొరికేదాకా ఆ సైకిల్‌ను గోడకు ఆనించి ఉంచండి.