యనకను చూసే వరుస

టోక్యోలోని తైతో వార్డుకు వెళ్లేవారు అసకుసా, ఉఎనో చూసి వెనుదిరుగుతుంటారు గాని, వీలైతే ఒక మధ్యాహ్నం యనకకు కేటాయించండి. 1657 నాటి మహా అగ్నిప్రమాదం తరువాత అనేక ఆలయాలు ఇక్కడికి తరలివచ్చాయి. 1923 భూకంపాన్నీ, 1945 వైమానిక దాడులనూ ఈ పేట చాలావరకు తట్టుకుని నిలవడం వల్ల పాత సందుల తీరు నేటికీ కనిపిస్తుంది.

చాలామంది నేరుగా యనక గింజా అంగడి వీధిలోకి వెళ్తారు. నా సలహా మాత్రం దానిని చివరికి ఉంచుకోమని. నిప్పోరి స్టేషన్ దక్షిణ ద్వారం నుండి బయలుదేరి, చివరి షోగున్ (జపానును ఏలిన సైనిక పాలకుడు) తొకుగవ యొషినొబు సమాధి ఉన్న శ్మశానవాటికలోకి ముందుగా వెళ్లండి. అక్కడ 1957లో కాలిపోయిన అయిదంతస్తుల గోపురానికి పునాదిరాళ్లు మాత్రమే మిగిలాయి. తరువాత పడమరగా నడిచి, పాములా మెలికలు తిరిగే హెబి మిచి వీధిని పట్టుకోండి. పూర్వం అక్కడ పారిన ఐజొమె వాగును కప్పివేసి బాట వేశారు కనుకనే ఆ మెలికలు. ఆ వాగే తైతో, బుంక్యో వార్డులకు సరిహద్దు కాబట్టి, గోడలకున్న చిరునామా పలకలను గమనిస్తే రోడ్డుకు ఇరువైపులా వార్డు పేరు వేరుగా ఉంటుంది (జపాను లిపి రాకపోయినా మొదటి అక్షరాల తేడా తెలిసిపోతుంది).

పొద్దువాలే వేళకు యూయకె దందన్ మెట్లకు చేరుకోండి. ఆ పేరులోని యూయకె అంటే సంధ్యారాగం. పైమెట్టు మీద నిలబడితే, చివరికి ఉంచుకున్న యనక గింజా అంగడి వీధి కింద కనిపిస్తుంది.