రీసెర్చ్ పేపర్‌లో సైటేషన్లు: చదివేటప్పుడే మొదలుపెట్టండి

పేపరంతా రాసేసి, తెల్లారితే సబ్మిషన్ అనగా "ఈ పాయింట్ ఎక్కడ చదివానబ్బా" అని ట్యాబులన్నీ తిరగేసే స్టూడెంట్లు చాలామంది. సైటేషన్లంటే, అంటే ఏ విషయం ఎవరి నుంచి తీసుకున్నామో పేపర్‌లో చెప్పడమంటే, టెన్షన్ పుట్టేది అక్కడే. దీనికి ఒకటే మందు. ఏదైనా పేపర్ గానీ పుస్తకం గానీ తెరవగానే, నోట్సులో ఒక్క ముక్క రాయకముందే దాని వివరాలు రాసి పెట్టుకోండి: రచయితల పేర్లు, సంవత్సరం, శీర్షిక, జర్నల్ అయితే దాని పేరు, వాల్యూమ్, ఇష్యూ, పేజీలు, డీఓఐ నంబర్ (ఆన్‌లైన్‌లో ఆ పేపర్‌ను గుర్తించే శాశ్వత నంబర్). పుస్తకమైతే పబ్లిషర్, ఎన్నో ఎడిషన్ అన్నది. వెబ్ పేజీ అయితే లింకుతో పాటు మీరు చూసిన తేదీ కూడా, ఎందుకంటే ఆ పేజీ రేపు మారిపోవచ్చు, అసలు లేకుండానే పోవచ్చు.

నోట్సు రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకున్న వాక్యానికి అప్పటికప్పుడే కొటేషన్ మార్కులు పెట్టి, పక్కన పేజీ నంబర్ వేయండి. కొన్ని వారాలు పోయాక ఏది మీ వాక్యమో ఏది వాళ్లదో మీకే గుర్తుండదు, కాపీ కొట్టాలనే ఆలోచన ఏమాత్రం లేనివాళ్లు కూడా ప్లేజియరిజంలో, అంటే ఇతరుల రాతను తమదిగా చూపారన్న ఆరోపణలో, ఇరుక్కునేది ఇలాగే.

"సొంత మాటల్లో రాశాను కదా, ఇంకా సైటేషన్ ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. మాటలు మీవే, కానీ ఆలోచన వాళ్లది, అందుకే ఇవ్వాలి. పైగా రెండు మూడు పదాలు మార్చి వాక్యాన్ని అలాగే ఉంచితే అది సొంత మాటల్లో రాసినట్టు కానే కాదు. మూలాన్ని మూసేసి, అర్థమైనది మీ ధోరణిలో రాసి, ఆ తర్వాత తెరిచి సరిపోల్చుకోండి. అంకెలు, పట్టికలు, బొమ్మలు ఎక్కడి నుంచి తీసుకున్నా సైటేషన్ తప్పనిసరి. అందరికీ తెలిసిన విషయాలకు, మీరు స్వయంగా చేసిన ప్రయోగం ఫలితాలకు అక్కర్లేదు. అనుమానం వస్తే ఇచ్చేయండి.

ఇక స్టైల్, అంటే సైటేషన్ రాసే పద్ధతి. ఏపీఏ, ఎంఎల్ఏ, షికాగో, ఐఈఈఈ... వీటిలో ఏది వాడాలో మీ గైడ్‌నో డిపార్ట్‌మెంట్‌నో ముందే అడిగి తెలుసుకోండి, మీకు నచ్చింది ఎంచుకునే విషయం కాదిది. తేడా ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చూద్దాం. డీఎన్ఏ నిర్మాణం మీద వాట్సన్, క్రిక్ 1953లో నేచర్ జర్నల్‌లో రాసిన పేపర్ 171వ వాల్యూమ్‌లో 737, 738 పేజీల్లో ఉంది. అందులో మొదటి పేజీ నుంచి ఒక వాక్యం కోట్ చేస్తే, ఏపీఏలో వాక్యం చివర (వాట్సన్ & క్రిక్, 1953, పే. 737) అని వస్తుంది. ఎంఎల్ఏలో సంవత్సరం ఉండదు, కామా ఉండదు: (వాట్సన్ అండ్ క్రిక్ 737). ఐఈఈఈలో అయితే [1] లాంటి నంబరే, మీ పేపర్‌లో అది ఎన్నో మూలంగా వచ్చిందో ఆ నంబర్, మళ్లీ ఎక్కడ వాడినా అదే. షికాగోలో చరిత్ర, సాహిత్యం వాళ్లు ఎక్కువగా ఫుట్‌నోట్ పద్ధతి, అంటే పేజీ అడుగున మూలం రాయడం, వాడతారు. 2019లో వచ్చిన ఏపీఏ 7వ ఎడిషన్ ప్రకారం ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువమంది రచయితలుంటే మొదటిసారి నుంచే మొదటి పేరు రాసి "ఎట్ ఆల్" (తదితరులు) అంటే చాలు. ఏపీఏలోనే 40 పదాలు, ఆపైన ఉన్న కోట్‌ను కొటేషన్ మార్కులు లేకుండా విడి పేరాగా లోపలికి జరిపి పెట్టాలి.

మీరు చదవనిదాన్ని చదివినట్టు సైట్ చేయకండి, దయచేసి. ఒక పుస్తకంలో వేరే పాత పేపర్ గురించి చదివితే, వీలైతే ఆ పేపర్‌నే తెచ్చి చదవండి. దొరక్కపోతే "ఫలానా పుస్తకంలో ఉదహరించినట్టు" అని రాసి, పేపర్ చివర ఇచ్చే రిఫరెన్స్ లిస్టులో మీ చేతిలో ఉన్న పుస్తకాన్నే పెట్టండి. మధ్యలో వాళ్లు తప్పుగా అర్థం చేసుకుని ఉంటే, ఆ తప్పు మీ పేరు మీద ఇంకో మెట్టు ఎక్కుతుంది.

మూలాల వివరాలు దాచి సైటేషన్లు తయారుచేసే జొటేరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ పని బాగా తేలిక చేస్తుంది, వాడండి. కానీ అది తెచ్చిన వివరాలను ఒక్కొక్కటీ కళ్లతో చూడండి, రచయిత పేరు ఎగిరిపోవడం, శీర్షికలో పెద్దక్షరాలు అడ్డదిడ్డంగా రావడం మామూలే. చాట్‌బాట్‌లు ఇచ్చే రిఫరెన్సులతో మరీ జాగ్రత్త. నిజమైన జర్నల్ పేరు, నమ్మదగ్గ శీర్షిక, చక్కని పేజీ నంబర్లు అన్నీ ఉంటాయి, ఆ పేపర్ మాత్రం లోకంలో ఉండదు. డీఓఐ 10తో మొదలవుతుంది, దాన్ని డీఓఐ డాట్ ఆర్గ్‌లో వేసి చూడండి. ఏదో ఒకటి తెరుచుకుంటే సరిపోదు, మీరు రాసిన శీర్షిక, రచయితలే అక్కడ కనిపించాలి.

సబ్మిట్ చేసే ముందు ఒక గంట కేటాయించి, పేపర్‌లోని ప్రతి సైటేషన్ లిస్టులో ఉందో లేదో, లిస్టులోని ప్రతిదీ పేపర్‌లో ఎక్కడో ఒకచోట వాడారో లేదో రెండు వైపులా చూసుకోండి. లిస్టులోని ఇంటిపేరు ఒక్కొక్కటీ పేపర్‌లో సెర్చ్ చేస్తే వాడనివి బయటపడతాయి. స్పెల్లింగ్, సంవత్సరం రెండు చోట్లా ఒకేలా ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూసేయండి.