కుక్కపిల్లతో మొదటి ఏడాది – 4వ పాఠం: పెదవి ఎత్తి పళ్లు చూడటం

పోయిన పాఠంలో చెవులు, గోళ్లు పట్టుకోనివ్వడం అలవాటు చేశాం. ఈసారి నోరు. మీ పిల్లకి మూడు నెలలు అనుకుని మొదలుపెడుతున్నాను.

నోరు పెగల్చకండి. పాలు తాగి మగతగా ఉన్నప్పుడు ఒళ్లో పెట్టుకుని, మూసిన నోరు మూసినట్టే ఉంచి, ముక్కు పక్కన పై పెదవిని బొటనవేలితో పైకి ఎత్తండి. రెండు సెకన్లు చూసి వదిలేయండి. వెంటనే ఉడికించిన చికెన్ పీచు ఒకటి పెట్టండి. రోజుకు రెండుసార్లు చాలు. బలవంతం చేశారా, మర్నాటి నుంచి మీ చెయ్యి చూస్తేనే మంచం కింద దూరుతుంది.

ఇప్పుడు కనబడేవి పాలపళ్లు. బోసినోటితో పుట్టిన పిల్లకి మూడో వారం నుంచి మొలుస్తాయి. రెండు నెలలకల్లా 28 వచ్చేస్తాయి. సూదుల్లాంటి పళ్లు కదా, ఆటలో గీరుకుంటే సబ్బుతో 15 నిమిషాలు ధారగా కడిగి, డాక్టర్‌ని అడగండి. పిల్లే కదా అని రేబీస్‌ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఇక కరుపు, అంటే నోరు మూసినప్పుడు పై పళ్లు, కింది పళ్లు ఒకదానికొకటి ఎలా కుదిరాయో చూడాలి. పై ముందు పళ్లు కింది వాటికి కాస్త ముందుగా, కత్తెర అంచుల్లా ఆనుకుని ఉండాలి. పక్కనుంచి చూస్తే కింది కోర, పై కోరకి ముందున్న సందులో కూర్చోవాలి. నేనైతే ముందు పళ్లకన్నా ఈ సందునే ఎక్కువ నమ్ముతాను. పగ్, బాక్సర్‌లకి కింది దవడ ముందుకి ఉండటం జాతి లక్షణం. లాబ్రడార్‌కి అలా ఉంటే లెక్క తప్పినట్టే. కింది కోర లోపలికి వాలి అంగిట్లో గుచ్చుకుంటుంటే మాత్రం పెద్దయ్యాక సర్దుకుంటుందిలే అనుకోకండి. ఆ గుంటలో కోర ఇరుక్కుంటే దవడ ముందుకి పెరగడానికి అడ్డం పడుతుంది. ఆ వారమే చూపించండి.

నాలుగో నెల దగ్గర ముందు పళ్లు ఊడటం మొదలవుతుంది. బొమ్మ మీద రక్తపు చుక్క కనబడితే టెన్షన్ పడొద్దు. ఊడినవి చాలావరకు మింగేస్తుంది, మీకు దొరకవు. కోరలు ఐదు, ఆరు నెలల మధ్య మారతాయి. ఏడు నెలలకి మొత్తం 42 ఉండాలి.

నేను దెబ్బతిన్నది కోరల దగ్గరే. మా పామరేనియన్‌కి ఆరో నెలలో పై కోరలు జంటగా కనబడ్డాయి: ముందు లావుగా కొత్తది, దాని వెనకే సన్నగా పాతది. ఊడుతుందిలే అని రెండు నెలలు ఊరుకున్నాను. ఆ సందులో వెంట్రుకలు, అన్నం మెతుకులు ఇరుక్కుని నోరు కంపు కొట్టాక గానీ డాక్టర్ దగ్గరికి వెళ్లలేదు. మత్తిచ్చి తీయాల్సి వచ్చింది. కింది దవడలోనైతే కొత్త కోర పాతదానికి లోపలివైపు వస్తుంది, అది ఇంకా ప్రమాదం. ఒకే పన్ను చోట రెండు కనబడితే ఆగకూడదు. అలాగని మీరే పీకొద్దు. పాలకోర వేరు పైకి కనబడే పన్నుకన్నా పొడుగు, సన్నం. విరిగి లోపలే ఉండిపోతుంది.

ఈ వారం పని: ఆదివారం పొద్దున ఎడమ, కుడి పక్కల నుంచి చెరో ఫోటో తీసి తేదీ రాసుకోండి. ఏడో నెల వరకు ప్రతి ఆదివారం ఇదే. పెదవి ఎత్తనిచ్చిన పిల్లతోనే వచ్చే పాఠంలో బ్రష్ పట్టిద్దాం.