వాగులో దొరికిన రాయి శిలాజమా కాదా ఎలా తేల్చుకోవాలి?

తుపాను వానలు వెలిసి నీళ్లు తగ్గాక ఏటా ఇదే వరస. మా ప్రకాశం జిల్లా వైపు మన్నేరులోనో పాలేరులోనో ఎవరికో వింత ఆకారంలో ఒక రాయి దొరుకుతుంది. ఇంటికి తెచ్చి సర్ఫ్ నీళ్లలో నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, కొబ్బరినూనె రాసి మెరిపిస్తారు. ఆ తర్వాత ఫొటో తీసి, "ఇది డైనోసార్ గుడ్డేనా అన్నా?" అని పంపుతారు. అప్పటికే చూడాల్సింది సగం పోయి ఉంటుంది. దయచేసి ముందు కడగొద్దు.

కావలసినవి

పది రెట్లు పెద్దదిగా చూపించే భూతద్దం, పాత న్యూస్‌పేపర్లు, పెన్సిల్, చిన్న కాగితం ముక్కలు, ఫోను, ఐదు రూపాయల బిళ్ల. సుత్తి వద్దు. పెన్ను కూడా వద్దు, తడి తగిలితే రాసింది చెదిరిపోతుంది.

1. తీసే ముందు ఫొటో

రాయి ఉన్నచోటే, సైజు తెలిసేలా పక్కన బిళ్ల పెట్టి రెండు ఫొటోలు తీయండి. ఒకటి దగ్గరగా, ఒకటి ఒడ్డు కూడా కనబడేలా. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఉంచండి. రాయి వాగు అడుగున గులకరాళ్లలో దొరికిందా, ఒడ్డు కోసుకుపోయిన చోట మట్టి పొరలో ఇరుక్కుని ఉందా అన్నది కాగితం మీద రాయండి. పొరలో ఇరుక్కుని ఉంటే తీయకండి, ఫొటోతో ఆగండి. ప్రకాశం జిల్లాలో సుమారు 41 వేల ఏళ్ల నాటి నిప్పుకోడి గూడు బయటపడిందని 2024లో వార్తలు వచ్చాయి కదా. అక్కడ దొరికినవి వేల కొద్దీ చిన్న చిన్న పెంకు ముక్కలు. వాటిని ఎవరో ఒక్కొక్కటిగా జేబులో వేసుకుని పోయి ఉంటే అది గూడు అని ఎవరికీ తెలిసేది కాదు.

2. రాయి ఏ జాతిదో చూడండి

చాలా రాళ్ల సంగతి ఇక్కడే తేలిపోతుంది. చీమకుర్తి గెలాక్సీ లాంటి నల్లరాయి భూమి లోపల కరిగి గట్టిపడిన శిల, అందులో శిలాజం ఉండదు. గూడూరు వైపు అభ్రకం మెరిసే రాళ్లు విపరీతమైన వేడికీ ఒత్తిడికీ మారిపోయినవి, వాటిలోనూ వెతకక్కర్లేదు. తెల్లటి పలుగురాయి గుడ్డులా ఎంత నున్నగా ఉన్నా అది నీళ్లలో దొర్లి అరిగిన రాయే. ఇసుకరాయి వేడికీ ఒత్తిడికీ గట్టిపడి తయారైన క్వార్ట్‌జైట్ రాయికి అంచుల్లో చెక్కులు లేచి ఉంటే మాత్రం పారేయొద్దు. శిలాజం కాకపోయినా రాతియుగపు పనిముట్టు కావచ్చు, దాన్నీ ఫొటో తీసి దొరికిన చోటే ఉంచండి.

ఆశ పెట్టుకోదగ్గది ఒంగోలు చుట్టుపక్కల దొరికే లేత రంగు మెత్తటి పొరల రాయి. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని వేమవరం షేల్ అంటారు. పదమూడు కోట్ల ఏళ్ల కిందటి మాట అది. సముద్రపు జీవుల గుర్తులూ ఒడ్డున పెరిగిన మొక్కల ఆకుల అచ్చులూ అందులో కలిసే దొరుకుతాయి. 1879లోనే ఫైస్ట్‌మాంటెల్ అనే శాస్త్రవేత్త ఈ ఆకుల గురించి రాసి ప్రచురించారు.

3. అచ్చా, మరకా?

అసలు తప్పు జరిగేది ఇక్కడే. ఇక్కడ తొందరపడొద్దు.

రాయిని నీడలో, పేపర్ మీద, ఒక పూటంతా ఆరనివ్వండి. తడి రాయి మీద రంగులన్నీ ముదురుగా కనబడి ప్రతి గీతా ఆకులాగే అనిపిస్తుంది. ఎండలో పెడితే షేల్ పెచ్చులుగా లేచిపోతుంది. ఆరాక ఉదయపు ఎండ ఏటవాలుగా పడే కిటికీ దగ్గర పట్టుకుని, మెల్లగా తిప్పుతూ భూతద్దంతో చూడండి. ఫ్లాష్ వేయకండి, ఎత్తుపల్లాలు కనబడవు.

ఎక్కువమందిని మోసం చేసేది నల్లటి చెట్టు బొమ్మ. రాతి పగులులోకి నీరు దిగినప్పుడు అందులోని మాంగనీసు, ఇనుము కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటాయి. అచ్చం ఫెర్న్ ఆకులా ఉంటుంది. కానీ దానికి నడిమి ఈనె ఉండదు. పగులు అంచు నుంచి మొదలై ఇష్టమొచ్చినట్టు చీలుతుంది, ఒక కొమ్మ కొలత ఇంకో కొమ్మకు కలవదు. మార్కాపురం పలకల్లో ఇలాంటిది కనబడితే ఆలోచించనే అక్కర్లేదు. ఆ రాయి వంద కోట్ల ఏళ్లకు పైబడినది, అప్పటికి నేల మీద మొక్కే లేదు.

నిజమైన ఆకు అచ్చుకు ఒక క్రమం ఉంటుంది. వేమవరం షేల్‌లో కనబడే టైలోఫిల్లం అనే పాతకాలపు మొక్క ఆకునే తీసుకోండి. మధ్యలో ఒక ఈనె, దానికి రెండు వైపులా దువ్వెన పళ్లలా ఒకే కొలతలో చిన్న ఆకులు, ఒక్కో ఆకులో మళ్లీ సన్నటి గీతలు. వేలు తగిలించకుండా చూడండి. ఒకసారి ఒక పిల్లాడు అలాంటి ముక్కే తెచ్చాడు. "బాగా కనబడాలని" నా కళ్ల ముందే ఉమ్మి తడి చేసి బొటనవేలితో రుద్దాడు. నేను ఆగమనేలోపే ఆకు సగం బూడిద రంగు పొడిగా వాడి వేలికి అంటుకుంది. అన్ని కోట్ల ఏళ్లు నిలిచిన అచ్చు రెండు క్షణాల్లో పోయింది. ఇప్పటికీ తలచుకుంటే బాధేస్తుంది.

ఎముక అనుకుంటే పై ఆకారం వదిలేసి విరిగిన అంచు చూడండి. ఎముకకు బయట గట్టి పొర, లోపల స్పాంజిలా సన్నటి గదులు ఉంటాయి. ఒడ్డు మట్టిలో దొరికే సున్నపు ముద్దలు వేళ్ల చుట్టూ గడ్డకట్టి ఎముకల్లా, పళ్లలా ఉంటాయి కానీ లోపల అంతా ఒకే సుద్ద. గదులు ఉన్నంత మాత్రాన శిలాజం అనుకోవద్దు, వరదలో పోయిన గేదె ఎముకకూ అవి ఉంటాయి. ఆ గదుల్లో రాయి నిండి, అదే సైజు ఎముక కన్నా బాగా బరువుంటేనే ముందుకెళ్లండి.

నాలుకకు అంటుకుంటే శిలాజమే అని ఎవరో వీడియోలో చెప్పారట. ఎండిన బంకమట్టి కూడా అంటుకుంటుంది. వెనిగర్ పోస్తే నురగ వస్తే శిలాజం అనడమూ అంతే, ఇంటి సున్నం మీద పోసినా నురగ వస్తుంది. పైగా అసలైన గవ్వ శిలాజమైతే దాన్ని తినేస్తుంది. కాల్చిన సూది గుచ్చి వాసన చూడమనేవాళ్లూ ఉన్నారు, అదీ వద్దు. కళ్లు, భూతద్దం, ఏటవాలు వెలుగు. ఇవి చాలు, వీటివల్ల రాయికి ఏమీ కాదు.

4. చూపించడం

పై పరీక్షలో నిలిస్తే పేపర్‌లో వదులుగా చుట్టి అట్టపెట్టెలో పెట్టండి. ప్లాస్టిక్ కవరు వద్దు, చెమ్మ పడుతుంది. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ జియాలజీ విభాగానికో, హైదరాబాద్‌లోని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయానికో ముందు ఫొటోలే పంపండి. పైవైపు, కిందివైపు, విరిగిన అంచు, దొరికిన చోటు, అన్నిట్లో బిళ్ల ఉండాలి. వాళ్లు అడిగేదాకా రాయిని పోస్టులో పంపకండి. పెన్సిల్‌తో రాసిన ఆ కాగితం ముక్కను మాత్రం రాయితోపాటే పెట్టెలో ఉంచండి. వాగు పేరు, దగ్గరి ఊరు, తేదీ దాని మీద ఉండాలి.