ఇంప్లాంట్ యాంటెన్నా డిజైన్ నేర్చుకుందాం – 3: కండరంలో పావు తరంగం ఎంత?

పోయిన పాఠంలో గాలిలో పనిచేసే యాంటెన్నా పొడవు లెక్క కట్టాం. ఈసారి అదే లెక్కను కండరంలోకి తీసుకెళ్దాం. కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

ఇంప్లాంట్లకు, అంటే పేస్‌మేకర్‌లా శరీరం లోపల అమర్చే పరికరాలకు, వాడే ముఖ్యమైన బ్యాండ్ (ఫ్రీక్వెన్సీల పట్టీ) 402 నుంచి 405 మెగాహెర్ట్జ్. 403 తీసుకుందాం. 300ని (కాంతి వేగం, సెకనుకు మిలియన్ మీటర్లలో) 403తో భాగిస్తే తరంగదైర్ఘ్యం 0.744 మీటర్లు, అందులో పావు 18.6 సెంటీమీటర్లు. అరచేతిలో ఇమిడిపోయే పేస్‌మేకర్‌లో అంత పొడుగు తీగ పట్టదు.

ఇక్కడ శరీరమే మనకు సాయం చేస్తుంది. ఒక పదార్థం తరంగాన్ని ఎంత కుదిస్తుందో చెప్పే సంఖ్య పర్మిటివిటీ; దాని వర్గమూలం ఎంతో, తరంగదైర్ఘ్యం అన్ని రెట్లు తగ్గుతుంది. ఈ ఫ్రీక్వెన్సీలో కండరం పర్మిటివిటీ సుమారు 57. దాని వర్గమూలం 7.55. 18.6ని దాంతో భాగిస్తే దాదాపు 2.5 సెంటీమీటర్లు!

అయితే అంత తగ్గింపు మనకు పూర్తిగా దక్కదు. లోహం నేరుగా కండరానికి తగిలితే కరెంటు అందులోకి లీక్ అవుతుంది, అందుకే పైన శరీరానికి హాని చేయని పొర ఒకటి కప్పుతాం. ఈ పొర మందం పెంచితే నష్టం తగ్గుతుంది కానీ తీగ పొడవు పెరుగుతుంది. మొత్తం మీద పర్మిటివిటీ 10 దగ్గర పడిందనుకుందాం. అప్పుడు కావలసింది 5.9 సెంటీమీటర్లు. ఆ తీగను పాములా మెలికలు తిప్పి, ఒక చివర షార్టింగ్ పిన్‌తో (చిన్న లోహపు పుల్లతో) గ్రౌండ్‌కు, అంటే కిందున్న లోహపు పలకకు, కలపాలి. పిన్ వల్లే సగం తరంగం బదులు పావు తరంగంతో పని జరుగుతుంది.

ముందు గాలిలో ట్యూన్ చేసి, తర్వాత కణజాలంలో పెట్టి చూద్దాంలే అనుకునేవాళ్లు చాలామంది. దయచేసి అలా చేయకండి. సిమ్యులేషన్‌లో మొదటి రోజు నుంచే చుట్టూ కండరం ఉండాలి. దాని బదులు కొవ్వు పెట్టి చూడండి: పర్మిటివిటీ 6 లోపే కాబట్టి రెసొనెన్స్ (యాంటెన్నా బాగా పనిచేసే ఫ్రీక్వెన్సీ) పైకి జరిగిపోతుంది. మన బ్యాండ్ వెడల్పు 3 మెగాహెర్ట్జే. మనిషి ఒళ్లు చేసినా, ఇంప్లాంట్ చుట్టూ మచ్చ కణజాలం పెరిగినా రెసొనెన్స్ కదులుతుంది. అందుకే 20, 30 మెగాహెర్ట్జ్ వెడల్పు ఉండేలా డిజైన్ చేస్తాం.

ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇప్పుడు. ఎస్11 (యాంటెన్నా నుంచి వెనక్కి తిరిగొచ్చే సిగ్నల్ కొలత) గ్రాఫ్‌లో లోతైన గుంట, పెద్ద బ్యాండ్‌విడ్త్ కనిపించాయని సంబరపడకండి. యాంటెన్నాకు ఇచ్చిన పవర్ తిరిగి రాలేదని మాత్రమే ఎస్11 చెబుతుంది. అది బయటికి వెళ్లిందా, కండరంలో వేడిగా మారిందా అన్నది చెప్పదు. కండరం కండక్టివిటీ (కరెంటును పోనిచ్చే గుణం) మీటరుకు 0.8 సీమెన్స్, అంటే పవర్‌ను బాగానే మింగేస్తుంది. ఇలాంటి యాంటెన్నాల గెయిన్ (అన్ని వైపులా సమానంగా పంపే ఆదర్శ యాంటెన్నాతో పోలిక) మైనస్ 30 డీబీఐ దరిదాపుల్లో ఉండటం మామూలే. కాబట్టి ఎస్11 పక్కనే రేడియేషన్ ఎఫిషియెన్సీ (ఇచ్చిన పవర్‌లో బయటికి వెళ్లిన వాటా) కూడా ప్రతిసారీ రాసుకోండి. ఎఫిషియెన్సీ పడిపోతూ బ్యాండ్‌విడ్త్ పెరుగుతుంటే, అది మీ డిజైన్ గొప్పతనం కాదు, కణజాలం చేస్తున్న నష్టం.

అభ్యాసం: ఇదే లెక్క 2.45 గిగాహెర్ట్జ్‌కు చేయండి, పర్మిటివిటీ 53 తీసుకోండి. పూర్తిగా కండరంలో పావు తరంగం 4 మిల్లీమీటర్ల పైచిలుకు రావాలి. ఇంకో సంగతి గమనించండి: 403 దగ్గర తరంగం కండరంలో 5 సెంటీమీటర్లు వెళ్లేసరికి మూడో వంతుకు తగ్గుతుంది, 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర 2 సెంటీమీటర్లు దాటగానే అంతే తగ్గుతుంది. 4 సెంటీమీటర్ల లోతులో పెట్టే ఇంప్లాంట్‌కు మీరైతే ఏ బ్యాండ్ ఎంచుకుంటారో, ఎందుకో రాసి ఉంచుకోండి. వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.