కోడిపిల్లలకు గద్ద, ముంగిస, పెద్దపెట్టల బెడద తప్పాలంటే
పగలు గంప కింద మూస్తే గద్ద, కాకి బాధ ఉండదు. పైన రాయి పెట్టకపోతే మాత్రం కుక్క దొర్లించేస్తుంది. రాత్రికి గంప చాలదు. గూటికి అరంగుళం కన్నుల వెల్డెడ్ మెష్ (గట్టి ఇనుప తీగల వల) కొట్టండి. అంగుళం కన్నైతే పాము దూరుతుంది, పల్చటి కోళ్ల జాలీనైతే కుక్క చింపేస్తుంది. పందికొక్కు, ముంగిస తవ్వుకుని రాకుండా మెష్‌ను అడుగు లోతున పాతాలి.

పెద్దకోళ్లలో కలపడం 8 వారాలు దాటాకే. ముందు ఒక వారం మధ్యలో మెష్ అడ్డుపెట్టి, ఒకదానికొకటి కనబడేలా ఉంచండి. కలిపాక మేత, నీళ్లు రెండేసి చోట్ల పెట్టాలి. ఒక్కచోటే ఉంటే పొగరుబోతు పెట్ట కాపలా కాసి తరుముతుంది, పిల్లలు ఎండిపోతాయి. తరిమితే తప్పించుకోడానికి పిల్లలు మాత్రమే దూరగల సందు ఒకటి వదలండి. రక్తం కారే పిల్లను వెంటనే వేరుచేయండి, ఎరుపు కనిపిస్తే మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి. గాయం పూర్తిగా మానాకే మళ్లీ వదలాలి.