థ్రాటిల్ ఇవ్వగానే ముక్కు ఎత్తేసే పేపర్ గ్లైడర్: నాకు పనిచేసింది ఇది

చేత్తో వదిలితే చక్కగా జారుతుంది. మోటార్ తిరగగానే ముక్కు పైకెత్తి, వేగం పోయి, దబ్బున పడుతుంది. ముక్కులో బరువు, చిన్న ప్రొపెల్లర్, ఎలివేటర్ (తోక మీద కదిలే పలక) కిందికి వంచడం: మూడూ దండగే. ఎలివేటర్ వంచితే మోటార్ ఆపిన మరుక్షణం డైవ్.

నాది ముక్కు మీద 8520 (8.5 మిల్లీమీటర్ల వ్యాసం, 20 మిల్లీమీటర్ల పొడవు) కోర్‌లెస్ మోటార్, ఒక సెల్ లైపో బ్యాటరీ. ముందు మోటార్, రిసీవర్, బ్యాటరీ అన్నీ ఎక్కించి, మోటార్ ఆపి ఉంచే జారవిడవాలి. బ్యాటరీని జరుపుతూ బరువు కేంద్రాన్ని రెక్క ముందంచు నుంచి వెడల్పులో 25-30 శాతం దగ్గరికి తేవాలి. జారుడు నిలకడగా వచ్చాక ఎలివేటర్ ముట్టుకోవద్దు.

అసలు పని ఇక్కడ. మోటార్ వెనక కొస కింద 1 మిల్లీమీటరు అట్టముక్క దూర్చితే షాఫ్ట్ ముందువైపు కిందికి వాలుతుంది. 20 మిల్లీమీటర్ల మోటార్‌కి అది దాదాపు 3 డిగ్రీలు. ముందు టేప్‌తోనే బిగించి సగం థ్రాటిల్‌లో చూడాలి. ఇంకా ఎత్తుతుంటే అర మిల్లీమీటరు కలపాలి. నాకు ఒకటిన్నర దగ్గర కుదిరింది. ఆ తర్వాతే హాట్ గ్లూ. తొందరపడి ముందే అతికిస్తే పీకేటప్పుడు కాగితం కూడా ఊడొస్తుంది.

జారుడు వేగానికి సరిచేసిన రెక్కకి మోటార్ వేగంలో లిఫ్ట్ (పైకెత్తే బలం) ఎక్కువవుతుంది; ఈ వాలు దాన్ని థ్రాటిల్ ఉన్నంతసేపే అణుస్తుంది.

మోటార్ రెక్క వెనక ఎత్తులో ఉంటే ఈ లెక్క కుదరకపోవచ్చు. తేమకి రెక్క మెలితిరిగిందేమో ముందే చూసుకోండి, దానికి అట్టముక్క మందు కాదు.